పుల్ల లేని జువ్వ: తిరుగుతూ తిన్నగా ఎగిరే నీటి రాకెట్ చేయడం ఎలా

తారాజువ్వకు కట్టిన పొడుగాటి పుల్లే దాని చుక్కాని. పుల్ల విరిచేసి వెలిగిస్తే జువ్వ నాలుగు మీటర్లు లేచేలోపే మెడ తిప్పి ఎటు పడితే అటు దూసుకుపోతుంది. 18వ శతాబ్దంలో మైసూరు సైన్యం వాడిన ఇనప గొట్టాల రాకెట్లకు ఆధారం వెదురు కర్రే. వాటిని చూసి బ్రిటన్‌లో విలియం కాంగ్రీవ్ సైన్యం కోసం చేయించిన వాటికీ కర్ర తప్పలేదు. దాన్ని వదిలించినవాడు బ్రిటిష్ ఆవిష్కర్త విలియం హేల్. 1844లో ఆయన పేటెంటు తీసుకున్న రాకెట్, మండిన వాయువులో కొంత భాగాన్ని ఏటవాలుగా వదిలి, తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్ళేది.

ఆ తిరుగుడునే రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, నీళ్ళు, సైకిలు పంపు గాలితో పరీక్షించే పద్ధతి ఇది. మందు కూరిన జువ్వలతో ఈ పని పెట్టుకోవద్దు. రాపిడికీ నిప్పురవ్వకూ అంటుకునే మందును ఇంట్లో కలపడం వేళ్ళకూ కళ్ళకూ ముప్పు. లైసెన్సు లేకుండా చేస్తే చాలా దేశాల్లో నేరం కూడా. ప్రయోగంగా చూసినా అది నాసిరకమే: చేత్తో కూరిన రెండు జువ్వల తోపు, అంటే ముందుకు నెట్టే బలం, ఎన్నడూ ఒక్కలా ఉండదు, తేడా రెక్కల వల్ల వచ్చిందో మందు వల్ల వచ్చిందో తేల్చలేం. నీళ్ళు 650 మిల్లీలీటర్లు, గాలి 4 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి పీడనం) అని పెట్టుకుంటే ప్రతిసారీ తోపు అంతే. రాకెట్‌ను తిప్పేది కాస్త ఏటవాలుగా పెట్టిన రెక్కలు; వాటి వాలు ఒక్కటి మార్చి చూడొచ్చు.

తిప్పితే ఏం ఒరుగుతుంది

ఇక్కడ చాలామంది పొరబడతారు. బొంగరం తిరిగినంతసేపు నిలబడుతుంది కదా, రాకెట్టూ అంతే అనుకుంటారు. అలా తిరుగుడు బలంతోనే నిలబడాలంటే ఎంత వేగం కావాలో లెక్క వేస్తే ఆశ వదులుకుంటాం. మన రాకెట్ ఖాళీ బరువు సుమారు 150 గ్రాములు, వ్యాసం 11 సెంటీమీటర్లు, పొడవు అర మీటరుకు కాస్త తక్కువ. రెక్కలు లేకుండా సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి దాన్ని అడ్డం తిప్పకుండా ఉండాలంటే సెకనుకు దాదాపు 60 చుట్లు తిరగాలి. రెక్కల వాలుతో మనకు దొరికేది ఒకటి నుంచి అయిదు చుట్లు. తుపాకీ గుండు పొట్టిగా, బరువుగా ఉంటుంది కాబట్టి దానికి ఆ పద్ధతి పనికొస్తుంది. పొడుగ్గా, తేలిగ్గా, లోపల బోలుగా ఉన్న సీసాకు పనికిరాదు.

కాబట్టి రాకెట్‌ను ముక్కు ముందుకు ఉంచేది రెక్కలే. తిరుగుడు చేసే పని వేరు. చేత్తో చేసిన ఏ రాకెట్‌లోనైనా చిన్న వంకరలుంటాయి: ఒక రెక్క అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటుంది, ముక్కు కాస్త ఒరిగి ఉంటుంది, సీసా మూతి నడిమధ్య ఉండదు. తిరగని రాకెట్‌ను ఆ వంకర మొదటి నుంచి చివరిదాకా ఒకే వైపు లాగుతుంది. దారి విల్లులా వంగిపోతుంది. అదే రాకెట్ సెకనుకు రెండు చుట్లు తిరుగుతుంటే, ఈ పావు సెకను తూర్పుకు లాగిన వంకర మరుసటి పావు సెకనులో పడమటికి లాగుతుంది. మొత్తం కలిపితే దాదాపు సున్న. వాతావరణ పరిశోధనకు పంపే సౌండింగ్ రాకెట్లను తిప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ విషయం నుంచి ఇంకొకటి తేలుతుంది. రాకెట్‌తో పాటు తిరిగే తప్పులనే తిరుగుడు దిద్దుతుంది. గాలి వీచే దిక్కు రాకెట్‌తో పాటు తిరగదు. అందుకని ఈదురుగాలిలోకి ముక్కు తిప్పుకోవడాన్ని ఎంత తిప్పినా ఆపలేం. రాకెట్‌ను నిలబెట్టి వదిలే లాంచర్ ఒరిగి ఉంటే వచ్చే తప్పూ అంతే.

సీసా ఎంపిక

గ్యాస్ నింపిన కూల్‌డ్రింక్ సీసానే వాడాలి. మామూలు మంచినీళ్ళ సీసా పీడనానికి చేసింది కాదు, పగిలిపోతుంది. కూల్‌డ్రింక్ సీసా కొత్తది దాదాపు 10 బార్ దాకా ఓర్చుకుంటుంది గానీ మన పని 4 బార్‌తో, గరిష్ఠం 5 బార్‌తో. గీత పడిన, మడత పడిన, ఎండలో పాతబడిన సీసాలు ఈ లెక్కలోకి రావు. లేబుల్‌ను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఊడదీయండి. మరిగే నీళ్ళు పోయొద్దు, 70 డిగ్రీలు దాటితే ఈ ప్లాస్టిక్ మెత్తబడి ముడుచుకుంటుంది. జిగురు మరకను బ్లేడుతో గీకకండి, వంటనూనె రాసి గుడ్డతో తుడిస్తే పోతుంది.

వాడే ముందు నీటి పరీక్ష తప్పనిసరి. లాంచర్‌కు బిగించి, సీసా నిండా అంచుదాకా నీళ్ళు నింపి, 6 బార్ దాకా పంపు కొట్టి, దూరంగా ఉండి అయిదు నిమిషాలు చూడండి. నిండా నీళ్ళుంటే లోపల నొక్కుకుపోయిన గాలి దాదాపు ఉండదు కాబట్టి పగిలినా నీళ్ళు చిమ్మడంతో సరిపోతుంది. గాలితో ఈ పరీక్ష ఎప్పుడూ చేయొద్దు.

రెక్కల తొడుగు

రెక్కల్ని సీసాకు నేరుగా అతికించొద్దు. హాట్ గ్లూ వేడికి సీసా గోడ దెబ్బతింటుంది, సూపర్ గ్లూ ఈ ప్లాస్టిక్ మీద పెళుసుగా ఆరి మొదటి దెబ్బకే ఊడుతుంది. పైగా వాలు మార్చాలంటే కొత్త సీసా కావాల్సొస్తుంది. అదే రకం ఇంకో సీసా తీసుకుని, తిన్నటి గుండ్రటి భాగం నుంచి 12 సెంటీమీటర్ల పొడవు గొట్టం కోయండి. నిలువుగా ఒక చీలిక పెడితే అది అసలు సీసా మీదికి తొడుగులా ఎక్కుతుంది. ఇలాంటివి నాలుగైదు చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క వాలుతో రెక్కలు పెడితే, ఒకే సీసా మీద తొడుగులు మార్చుకుంటూ పోవచ్చు. తొడుగును రాకెట్ కింది భాగంలో, అంటే మూతి వైపు గుండ్రం సన్నబడటం మొదలయ్యే చోట కూర్చోబెట్టాలి.

రెక్కలకు 3 లేక 4 మిల్లీమీటర్ల ముడతల ప్లాస్టిక్ షీటు చాలు. ప్రకటన బోర్డులకు వాడేది అదే. లోపలి గొట్టాలు సీసా నుంచి బయటికి పోయే దిశలో ఉండేలా కోయాలి. వాటిని నిలువు దిశలో పెడితే రెక్క గాలికి మడత పడుతుంది. ఒక్కో రెక్క కొలత ఇది: సీసాకు ఆనే అంచు 100 మిల్లీమీటర్లు, బయటి అంచు 70, సీసా నుంచి బయటికి 70. పై అంచు వెనక్కు వాలి ఉండాలి, కింది అంచు అడ్డంగా ఉండాలి. ఆనే అంచు దగ్గర 12 మిల్లీమీటర్లు అదనంగా వదిలి, షీటు ఒక పొర మాత్రం తెగేలా గాటు పెట్టి మడిస్తే అతికించడానికి పట్టీ వస్తుంది. పట్టీలన్నీ ఒకే వైపు మడవండి. అటొకటి ఇటొకటి మడిస్తే రెక్కలు సమదూరంలో రావు.

అతకడానికి పాలీయురేథేన్ జిగురు మంచిది. ముందు రెండు ఉపరితలాలనూ సన్న గరుకు కాగితంతో మసకబారేలా రుద్దాలి. రుద్దేది తొడుగునే, పీడనం మోసే సీసాను కాదు. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి వదిలేయండి. తొందరుంటే గట్టి రెండువైపుల టేపు, దాని మీదుగా ఫైబర్ టేపు వేస్తే కొన్ని ఎగురుళ్ళకు ఆగుతుంది.

వాలు గీయడం

అంతా ఇక్కడే ఉంది కాబట్టి నింపాదిగా చేయండి.

ఒక కాగితం పట్టీని సీసాకు చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, విప్పి కొలవండి. 110 మిల్లీమీటర్ల సీసాకు చుట్టుకొలత సుమారు 345 వస్తుంది. దాన్ని మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 115. ఆ మూడు చోట్లా పట్టీ అంచుకు లంబంగా 100 మిల్లీమీటర్ల గీత గీయండి. ఇది సున్నా డిగ్రీల గీత. ఇప్పుడు గీత పై కొనను అలాగే ఉంచి, కింది కొనను పక్కకు జరిపి ఇంకో గీత గీయాలి. ఒక డిగ్రీకి 1.75 మిల్లీమీటర్లు, రెండుకు 3.5, మూడుకు 5.2, అయిదుకు 8.7 జరపాలి. మూడు గీతలూ ఒకే వైపు జరగాలి. చెప్పేటప్పుడు ఇది చిన్న మాటే గానీ, కాగితాన్ని తలకిందులుగా చుట్టి ఒక రెక్కను ఎదురు వాలుతో అతికించడం అందరికీ జరిగే పొరపాటు. కాగితం మీద పైకి అని బాణం గుర్తు వేసుకోండి.

100 మిల్లీమీటర్ల పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే వాలు 0.57 డిగ్రీలు మారుతుంది. కాబట్టి గీతలు సన్నటి పెన్సిల్‌తో ఉండాలి. లావు మార్కర్ గీత మందమే ఒక డిగ్రీకి దగ్గరగా ఉంటుంది. సున్నా డిగ్రీల తొడుగు కూడా కాస్తో కూస్తో తిరగడానికి కారణం ఇదే. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

గుండ్రటి సీసా మీద తిన్నటి అంచును ఏటవాలుగా పెడితే కొనల దగ్గర సందు వస్తుందని కొందరు రెక్క అంచును వంపుగా అరగదీస్తారు. మూడు డిగ్రీల దగ్గర ఆ సందు ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. జిగురే దాన్ని నింపుతుంది.

వాలుకు ఎంత తిరుగుడు వస్తుందో ముందే అంచనా వేయొచ్చు. వేగాన్ని వాలు టాంజెంట్‌తో గుణించి, 6.28తోనూ రెక్క మధ్యభాగం వ్యాసార్ధంతోనూ భాగించాలి. మన రెక్క మధ్యభాగం రాకెట్ నడిమి గీతకు 90 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 30 మీటర్ల వేగం దగ్గర ఒక డిగ్రీకి సెకనుకు 0.9 చుట్టు, రెండుకు 1.9, మూడుకు 2.8, అయిదుకు 4.6 చుట్లు వస్తాయి. అసలు ఎగురుడులో దీనికి కాస్త తక్కువే వస్తుంది. ఈ రాకెట్ తేలిక కాబట్టి వేగం అందుకున్న పదో వంతు, అయిదో వంతు సెకనులోనే ఈ తిరుగుడు స్థాయికి చేరుకుంటుంది. ఆ తర్వాత వేగం తగ్గే కొద్దీ తిరుగుడూ తగ్గుతుంది.

ఎక్కువ వాలు ఎందుకు వద్దు

అయిదు డిగ్రీలు బాగుంటే పది ఇంకా బాగుంటుందనుకోవడం సహజం. ఎత్తు తగ్గుతుందన్న భయం కాదు ఇక్కడ అసలు సంగతి. సెకనుకు రెండు చుట్లు తిప్పడానికి పట్టే శక్తి, రాకెట్ పరుగులో ఉన్న శక్తిలో రెండు వేల వంతుల్లో ఒకటి. చిక్కు వేరే చోట ఉంది.

రెక్కలున్న రాకెట్‌ను పక్కకు కదిపితే ముక్కు అటూ ఇటూ ఊగి సర్దుకుంటుంది. ఆ ఊగుడుకు ఒక సొంత లయ ఉంటుంది. మన కొలతల రాకెట్‌కు 30 మీటర్ల వేగంలో అది సెకనుకు అయిదారు ఊపులు. తిరుగుడు ఆ లయకు దగ్గరైతే, రాకెట్‌లో ఉన్న ప్రతి చిన్న వంకరా సరిగ్గా ఊపు అందుకునే సమయానికే తోస్తుంది. ముక్కు గుండ్రంగా సున్నలు చుడుతూ, రాకెట్ మరమేకు దారిలో పోతుంది. ఎత్తు సగానికి పడిపోవచ్చు, రెక్కలు ఊడిపోవచ్చు.

ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే వేగం పెరిగితే తిరుగుడు ఎంత నిష్పత్తిలో పెరుగుతుందో ఊగుడు లయ కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. అంటే రెండూ ఒకసారి కలిసిన డిజైన్‌లో అవి ఎగిరినంతసేపూ కలిసే ఉంటాయి. వేగం మారితే తప్పించుకుంటుందిలే అన్న ఆశ లేదు. అయిదు డిగ్రీల తొడుగు 4.6 చుట్లతో సరిగ్గా ఈ ఉచ్చు అంచున ఉంటుంది. రెండు డిగ్రీలు ఊగుడు లయలో మూడో వంతు దగ్గర ఉంటుంది, వంకరల్ని రద్దు చేయడానికి అది చాలు. ఈ కొలతల రాకెట్‌కు రెండు నుంచి రెండున్నర డిగ్రీలు సరైన వాలు. అయిదు డిగ్రీల తొడుగు ఒకటి చేసుకోండి, చెడిపోయే తీరు కళ్ళతో చూడటానికి.

ముక్కు, బరువులు, సమతూకం

ముక్కుకు ఇంకో సీసా పై భాగం కోసి, గట్టి మెడ తీసేసి, సగం కోసిన టెన్నిస్ బంతిని కొసకు పెట్టండి. మొన తేలిన ముక్కు వద్దు, గట్టి లోహం అసలే వద్దు. బంతి లోపల 20 గ్రాముల మోడలింగ్ క్లే అదమండి. సీసా 45 నుంచి 50 గ్రాములు, తొడుగూ రెక్కలూ 35, ముక్కు అంతా కలిపి 60 అయితే మొత్తం 145 గ్రాముల దగ్గర తేలుతుంది.

ఖాళీ రాకెట్‌ను దారం ఉచ్చులో వేలాడదీసి అడ్డంగా నిలిచే చోటు గుర్తించండి. అది గరిమనాభి. రాకెట్ ఆకారాన్ని అట్టముక్క మీద గీసి కోసి, ఆ అట్టను కత్తి అంచున నిలబెడితే వచ్చేది పీడన కేంద్రానికి, అంటే పక్క నుంచి తోసే గాలి బలమంతా ఒక్కచోట పడినట్టు ఉండే బిందువుకు, జాగ్రత్త వైపు అంచనా. గరిమనాభి దానికన్నా కనీసం ఒక సీసా వ్యాసం, అంటే 11 సెంటీమీటర్లు, ముక్కు వైపు ఉంటే మేలు. అట్ట పద్ధతి పిసినారిది, కాబట్టి 7, 8 సెంటీమీటర్లు వచ్చినా ఊపుడు పరీక్షకు వెళ్ళొచ్చు: గరిమనాభి దగ్గర దారం కట్టి, టేపుతో కదలకుండా చేసి, రెండు మీటర్ల దారంతో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే సరే. తోక ముందుకొస్తే క్లే ఇంకో 15 గ్రాములు వేయండి.

తిరిగే రాకెట్‌కు ఇంకో పరీక్ష ఉంది, దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. రాకెట్‌ను రెండు నున్నటి అంచుల మీద అడ్డంగా పెట్టి వేలితో మెల్లగా దొర్లించి వదలండి. రెక్కలు తగలకుండా అంచులు తొడుగుకు ముందు భాగంలో ఉండాలి. ప్రతిసారీ ఒకే పక్క కిందికొచ్చి ఆగితే ఆ పక్క బరువుగా ఉన్నట్టు. ఎదురు పక్క రెండు మూడు గ్రాముల క్లే అతికిస్తూ ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేలా చేయండి. పారాచూట్ పెడుతుంటే దాన్ని మడిచి లోపల పెట్టాకే ఈ పరీక్ష చేయాలి. ఒక పక్కకు కుక్కిన పారాచూట్ మొత్తం సమతూకాన్ని చెడగొడుతుంది.

పారాచూట్ 60 సెంటీమీటర్ల పలచటి ప్లాస్టిక్ చాలు. తాళ్ళు కలిసే చోట చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కెం తప్పక పెట్టండి. పైకెళ్ళి ఆగే సమయానికి కూడా రాకెట్ మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. కొక్కెం లేకపోతే తాళ్ళు జడలా అల్లుకుని పారాచూట్ తెరుచుకోదు. ముక్కు వదులుగా కూర్చుని, శిఖరం దగ్గర దానంతటదే జారిపోయేలా ఉంటే సరిపోతుంది.

లాంచర్

రబ్బరు బిరడాకు ట్యూబ్ వాల్వు గుచ్చి, గాలి నిండాక దానంతటదే ఎగిరిపోయే లాంచర్ సులభమే గానీ ఈ పనికి చెల్లదు. బిరడా ఒకసారి రెండు బార్‌కు, ఇంకోసారి మూడుకు ఊడుతుంది. పోల్చడానికి ఏమీ మిగలదు.

సీసా మూతి లోపలి కొలత దాదాపు 21.7 మిల్లీమీటర్లు. బయటి కొలత 21.3 ఉన్న అరంగుళం పీవీసీ పైపు అందులో సాఫీగా జారుతుంది. కొన్ని అరంగుళం పైపులు 20 మిల్లీమీటర్లకే ఉంటాయి, కాబట్టి కొనేముందు కొలవండి, గోడ రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. సీసా మూతి కూర్చునే చోట పైపు చుట్టూ 1.4 మిల్లీమీటర్ల లోతు గాడి కోసి, 1.8 మిల్లీమీటర్ల మందం, 18 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న రబ్బరు ఓ-రింగ్ ఎక్కించండి. రింగ్‌కు సిలికాన్ గ్రీజు కాస్త పూయండి. గాడి పైన పైపు ఇంకో 200 మిల్లీమీటర్లు సీసాలోకి పొడుచుకుని ఉండాలి. ఇదే రాకెట్‌కు మొదటి దారి చూపేది. 4 బార్ దగ్గర ఈ 20 సెంటీమీటర్లు దాటేసరికి రాకెట్ సెకనుకు 8 మీటర్ల వేగం అందుకుంటుంది, ఒక్క చుక్క నీరు వృథా కాకుండా. రెక్కలు పని మొదలుపెట్టడానికి ఆ వేగం చాలు. పైపు గుండ్రం కాబట్టి తిరుగుడుకు అడ్డు కూడా ఉండదు.

సీసాను పట్టి ఉంచడానికి ఎనిమిది నైలాన్ కేబుల్ టైలను పైపు చుట్టూ నిలువుగా పేర్చి, వాటి తలలు సీసా మెడ దగ్గరి వెడల్పాటి రింగు మీద కొక్కేల్లా పట్టుకునేలా, కింద హోస్ క్లిప్‌తో బిగించండి. తలలన్నిటినీ లోపలికి నొక్కి ఉంచేలా ఒక వెడల్పు పైపు ముక్క పైకి జరగాలి. టైల లావును బట్టి దాని లోపలి కొలత 40 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ ముక్కకు తాడు కట్టి కిందికి లాగితే తలలు విచ్చుకుని సీసా వదిలేస్తాయి. తాడు 10 మీటర్లు, పంపు గొట్టం కనీసం 5 మీటర్లు ఉండాలి. గొట్టం దారిలో గాలి వెనక్కు రాకుండా ఒక వాల్వు, ఎగరేయకుండానే గాలి తీసేయడానికి ఒక కుళాయి తప్పనిసరి. కుళాయి లేక, గాలి నిండిన సీసా దగ్గరికి నడిచివెళ్ళి చేత్తో సర్దడమే ఈ ఆటలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ఎగరేసి కొలవడం

చుట్టూ వంద మీటర్ల ఖాళీ స్థలం, ఆకులు మాత్రమే కదిలే గాలి ఉన్న పొద్దు చూసుకోండి. చూసేవాళ్ళు 15 మీటర్ల అవతల ఉండాలి, పంపు కొట్టేవాళ్ళకు కళ్ళద్దాలు ఉండాలి. పైపు నిటారుగా ఉందో లేదో రెండు దిక్కుల నుంచి రసమట్టంతో (స్పిరిట్ లెవెల్) చూడండి.

నీళ్ళు కొలపాత్రతో 650 మిల్లీలీటర్లు, అంటే సీసాలో మూడో వంతు. పీడనం 4 బార్. తొడుగులన్నిటి బరువూ రెండు గ్రాముల తేడాలో ఉండేలా క్లేతో సరిచేయండి. సున్నా, ఒకటి, రెండు, మూడు, అయిదు డిగ్రీలు, ఒక్కోదానికి అయిదు ఎగురుళ్ళు. ఒకే తొడుగు అయిదుసార్లు వరసగా ఎగరేయకుండా మార్చి మార్చి ఎగరేయండి. లేకపోతే పొద్దెక్కే కొద్దీ పెరిగే గాలి చివరి తొడుగు ఖాతాలో పడుతుంది.

తిరుగుడు లెక్కపెట్టడానికి ఒక రెక్కకు నలుపు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి తెలుపు వేయండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెడితే, నల్ల రెక్క మళ్ళీ అదే చోటికి రావడానికి 120 ఫ్రేములు పడితే సెకనుకు రెండు చుట్లు. దారి వంపు కొలవడానికి రెండు ఫోన్లు కావాలి, లాంచర్‌కు 40 మీటర్ల దూరంలో ఒకటి తూర్పున, ఒకటి ఉత్తరాన. శిఖరం దగ్గరి ఫ్రేములో రాకెట్ లాంచర్ నుంచి ఎంత పక్కకు జరిగిందో రెండింట్లోనూ చూడాలి. మీరు పోల్చాల్సింది సగటు జరుగుడును కాదు, అది ఎక్కువగా గాలి చేసే పని. అయిదు ఎగురుళ్ళు ఒకదానికొకటి ఎంత దూరంగా చెల్లాచెదరయ్యాయో అది చూడాలి. రెండు డిగ్రీల తొడుగు గుంపుగా పడి, సున్నా తొడుగు నాలుగు దిక్కులా పోతే ప్రయోగం పని చేసినట్టే.

తేడా కొట్టినప్పుడు

మొదటి అయిదు మీటర్లలోనే పక్కకు మళ్ళితే తిరుగుడును నిందించకండి, అప్పటికి అది మొదలే కాలేదు. లాంచర్ ఒరిగి ఉండాలి, లేదా కేబుల్ టైలలో ఒకటి ఆలస్యంగా వదిలి ఉండాలి.

తిరుగుతూనే గాలి వచ్చే వైపుకు వంగిపోతే రెక్కలు మరీ పెద్దవి లేదా ముక్కు మరీ బరువు. క్లే పది గ్రాములు తగ్గించి, ఊపుడు పరీక్ష మళ్ళీ చేయండి.

వాలు ఉన్నా తిరగకపోతే తొడుగు సీసా మీద జారుతూ ఉండొచ్చు. తొడుగు మీదుగా సీసా మీదికి ఒక గీత గీసి ఉంచితే దిగాక చూసి తెలుసుకోవచ్చు. గీత తప్పితే పై అంచునా కింది అంచునా టేపు బిగించండి. గీత తప్పకపోతే రెక్కలు గాలికి మెలిపడుతున్నాయి, షీటు మందం పెంచాలి.

మరమేకులా సున్నలు చుడితే కారణం రెండిట్లో ఒకటి: తిరుగుడు ఊగుడు లయను అందుకుంది, లేదా బరువు ఒక పక్కకు ఉంది. రెండు డిగ్రీల తొడుగు వేసి చూడండి. సున్నలు మాయమైతే మొదటిది, అలాగే ఉంటే రెండోది. దొర్లించే పరీక్ష మళ్ళీ చేయండి.

పైకి లేవగానే పిల్లిమొగ్గలేస్తే ఆ రాకెట్ నిలకడ లేనిది. దాన్ని వాలు పెంచి బాగుచేయలేం.

దిగిన ప్రతిసారీ సీసాను వెలుతురుకు పట్టి చూడండి. తెల్లటి చార, కొత్త మడత, అడుగున సన్నటి పగులు కనిపిస్తే అక్కడితో పక్కన పెట్టేయాలి. ఏమీ కనిపించకపోయినా 15 ఎగురుళ్ళకు సీసా మార్చండి.

ముందే తిప్పి వదిలితే

హేల్ లాగా మొదటి క్షణం నుంచే తిప్పాలని, లాంచర్‌ను తిరిగే బల్ల మీద పెట్టాలని చాలామందికి తోస్తుంది. నీటి రాకెట్‌లో ఇది ఎదురు తిరుగుతుంది. బల్లతో పాటు నీళ్ళు కూడా తిరగడం మొదలుపెడితే, అవి సన్నటి మూతి వైపు దిగేటప్పుడు ఆ తిరుగుడు బాగా వేగమై నడిమధ్య సుడి పడుతుంది. సుడి గుంతలోంచి గాలి ముందే తప్పించుకుంటుంది, నీళ్ళు లోపలే మిగిలిపోతాయి. పూర్తి మూతితో ఎగిరే రాకెట్‌లో నీళ్ళు సెకనులో పదో వంతు లోపే ఖాళీ అవుతాయి. వాలు రెక్కలు తిప్పడం మొదలుపెట్టినా అంత తక్కువ సమయంలో సీసా గోడ నీళ్ళను తనతో తిప్పుకోలేదు, అందుకే వాటితో ఈ చిక్కు రాదు. మూతిని 9 మిల్లీమీటర్లకు సన్నం చేస్తే నీళ్ళు దిగడానికి అర సెకను దగ్గర పడుతుంది, అప్పుడు సుడి మాట ఆలోచించాలి. సీసా లోపల మూతికి ఎగువన కూడిక గుర్తు ఆకారంలో, నాలుగు సెంటీమీటర్ల పొడవున పలచటి ప్లాస్టిక్ అడ్డుపలకలు పెడితే సుడి పడదు. మూతిలోంచి దూరేలా చుట్టి, లోపలికి పంపి విచ్చుకునేలా చేయాలి. అయితే లోపల దారి చూపే పైపుతో అవి తగులుకుంటాయి కాబట్టి సన్నమూతి రాకెట్‌కు బయట మూడు నిలువు కడ్డీల మధ్య నిలబెట్టే లాంచర్ వేరే కట్టుకోవాల్సి వస్తుంది. కడ్డీలు రెక్కల మధ్య ఖాళీల్లో ఉండాలి. ఒక మీటరు పొడవు కడ్డీలకు రెండు డిగ్రీల వాలున్న రెక్క కొన పక్కకు జరిగేది 35 మిల్లీమీటర్లకు మించదు, ఆ మేరకు రెండు వైపులా చోటు వదిలితే రెక్క కడ్డీకి తగలదు.